తలుపు రబ్బరుకు పౌడరు

నేను రాజాం కోడలిగా వచ్చేనాటికి యుద్ధం నడుస్తోంది. మా మామగారిది ధాన్యం వ్యాపారం. ఇంట్లో నాలుగు తలుపుల పాత కారొకటి ఉండేది. పెట్రోలు కూపన్ల మీద కొద్దికొద్దిగా దొరికే రోజులు కనుక, అది తిరిగేది తక్కువ, కొట్టు ముందు ఎండలో నిలబడేది ఎక్కువ. ఆ ఎండకి తలుపుల చుట్టూ వాన రాకుండా వేసిన రబ్బరు పట్టీలు బీటలు తీశాయి. కొత్తవి వేయిద్దామంటే రబ్బరంతా యుద్ధానికే పోతోందన్నారు.

మామగారు ఊరుకునే మనిషి కాదు. తోలు చెప్పులు నూనెకి మెత్తబడతాయి కదా, ఇదీ అంతే అనుకున్నారు. రోజూ స్నానానికి ముందు చిన్న గిన్నెలో నువ్వులనూనె పోసుకుని, గుడ్డముక్కతో నాలుగు తలుపులకూ పట్టించేవారు. నెల తిరిగేసరికి బీటలు కనబడకుండా పోయాయి. పట్టీలు నల్లగా నిగనిగలాడుతుంటే వచ్చినవాళ్లందరికీ చూపించేవారు.

నాకు మాత్రం గుబులుగా ఉండేది. విజయనగరంలో మా నాన్నకి సైకిళ్ల కొట్టు. నూనె తాగిన రబ్బరు ఉబ్బి జిగురైపోతుందని చిన్నప్పుడే చూశాను. అయితే ఆ రోజుల్లో కోడలు మామగారితో మాట్లాడడమేమిటి? అత్తగారి చెవిన వేశాను.

"నా మాట మాత్రం సెవినేసుకుంతాడేటి?" అని ఆవిడ నవ్వి ఊరుకుంది.

ఆ ఎండాకాలంలోనే శ్రీకాకుళంలో బంధువుల పెళ్లికి బయల్దేరాం. డ్రైవరూ మామగారూ ముందు, అత్తగారూ నేనూ వెనక. పొందూరులో వాళ్లిద్దరూ దిగి మజ్జిగ తాగారు. మేం దిగలేదు. పెళ్లిపందిరి ముందు కారు ఆగేసరికి ఎండ మండిపోతోంది. మేళం ఎదురొచ్చింది. ముందు తలుపులు తెరుచుకున్నాయి, వెనకవి రాలేదు. డ్రైవరు బయటినుంచి లాగాడు, నేను లోపలినుంచి తోశాను. రబ్బరు కరిగి తలుపుని అతికించేసింది. పెళ్లివారి తరఫున ఇద్దరొచ్చి లాగితే కారు ఊగింది గాని తలుపు ఊడలేదు. చివరికి అత్తగారు ముందు సీటు మీదుగా ఎక్కి దిగవలసి వచ్చింది. దిగాక చూసుకుంటే పట్టుచీర భుజం మీద జానెడు నల్లటి చార.

"ఈ కారు మళ్లీ నానెక్కను. తిరిగెల్లడానికి ఎడ్లబండి కట్టించు," అందావిడ, మేళం ఆగిన సందులో. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మామగారూ నవ్వారు గాని చెవులు ఎర్రబడ్డాయి. పాపం అనిపించింది.

ఇంటికొచ్చిన మర్నాడు ఆయన కారు దగ్గర గొంతుక్కూర్చుని రబ్బరు గిల్లి చూస్తున్నారు. అత్తగారు గుమ్మంలోంచి అనేసింది. "నూనె రాయొద్దని కోడలు ముందే సెప్పింది."

ఆయన తలెత్తి మొదటిసారి నేరుగా నాతోనే అన్నారు. "అయితే ఇప్పుడేటి సెయ్యాలో సెప్పమ్మా."

నేను అత్తగారి వెనకనుంచే చెప్పాను. "సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలండి. ఆరేక పౌడరు అద్దాలి. మా నాన్న ట్యూబులకి తెల్లపొడి సల్లుతారు, అతుక్కోకుండా."

"ఆ పొడి ఇక్కడెక్కడ దొరుకుతాది?"

లోపలికెళ్లి, నేను ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చాను. ఆయన వాసన చూసి, "బాగుంది, కారు పెళ్లికూతురైపోతాది," అన్నారు.

వెనక తలుపులు ఎలాగో లాగి తెరిచి, మూడు రోజులు కడిగాం. వెనక తలుపుల పట్టీలు చేతిలోనే ముద్దైపోయాయి. మా నాన్న పాత లారీ ట్యూబు కోసి పట్టీలు చేసి పంపితే, వాటిని అతికించాం. ముందువి తేరుకున్నాయి. తర్వాత మామగారు కారుకి తాటాకుల పాక వేయించారు. నూనెగిన్నె వంటింట్లోకి తిరిగొచ్చింది. వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, ఆరాక పౌడరు అద్దడం ఆయన పనే. తలుపు దడేల్మని వేసినవాళ్లకి చీవాట్లు తప్పేవి కావు.

తొలకరికి మా పుట్టింటికి వెళ్లాం. అత్తగారూ వచ్చింది, కాకపోతే పాత నేతచీర కట్టుకుని. తిరుగుదారిలో చీపురుపల్లి దగ్గర కుండపోతగా వాన అందుకుంది. దారి కనబడక డ్రైవరు కారు పక్కకి ఆపాడు. మామగారు వెనక్కి వంగి తలుపు అంచంతా వేలితో తడిమి, తడి అంటని ఆ వేలిని నాకు చూపించారు. అప్పటికే అత్తగారు తలుపుకి తల ఆనించి నిద్రపోయింది. రాజాంలో ఇంటి ముందు దిగి, తడిసిన వీధి చూసి అడిగింది.

"ఏటి, వానొచ్చినాదేటి?"