వంకర సకినాలు

నా చిన్నప్పుడు నాచారంలో మా ఇంటికి చుట్టాలు రావడం విశేషమేమీ కాదు. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు సంచీ పట్టుకుని దిగేవారు. కానీ లాహోరు నుంచి ఒకావిడ వచ్చి మా రెండు గదుల ఇంట్లో రెండు రోజులు ఉంటుందని నాన్న చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. బడిలో అందరికీ చెప్పాను. విన్నవాళ్ళకు రెండోసారి కూడా చెప్పాను.

నాన్న ఉప్పల్‌లో బడిపంతులు. రెండు దేశాల మామూలు మనుషులు ఒకరి ఇంట్లో ఒకరు ఉండి, ఒకరి వంట ఒకరు తింటే భయాలు కొంతైనా తగ్గుతాయని నమ్మే టీచర్లు కొందరు కలిసి ఈ రాకపోకలు నడిపేవారు. అతిథిని ఎవరు ఉంచుకుంటారని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది నాన్నే. తేదీ మాత్రం చూసుకోలేదు. ఆమె వచ్చిన మర్నాడే మా చిన్నత్త సీమంతం. ఘట్‌కేసర్‌లోని అత్త వాళ్ళ అత్తగారింటికి సారె పట్టుకెళ్ళాలి. సారెలో సకినాలు లేకపోతే పరువు పోయినట్టే. అమ్మ రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

సకినాలు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నానిన బియ్యాన్ని గిర్నీలో పట్టించి, నువ్వులూ వామూ కలిపి, ఆ తడిపిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ బట్ట మీద చుట్లు చుట్లుగా పెట్టాలి. పిండి సాయంత్రం దాకా ఆగదు, పులిసిపోతుంది. అందుకే ఎవరింట్లో సకినాలున్నా వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి కూర్చునేవారు. అందులోనూ మొదటి సకినం ఎదురింటి పెద్దమ్మ చుట్టాల్సిందే. ఆమె చెయ్యి పడితేగానీ మిగతావాళ్ళు పిండి ముట్టేవారు కాదు.

పొద్దున ఎనిమిదింటికి నాన్న ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె కూడా టీచరే, మా అమ్మ కంటే కొంచెం పెద్దది. నేను తలుపు వెనక నుంచి తొంగి చూస్తే, ఆమె నన్ను చూసి నాకంటే ఎక్కువ సంబరపడింది. మా బాపమ్మ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, పాతకాలం మనిషి. కూరగాయల బేరం దగ్గర నుంచి దవాఖానాలో గొడవ దాకా అన్నీ ఉర్దూలో చక్కబెట్టగలదు. ఇద్దరూ వంటింట్లో చేరి, అరగంటలో పాతికేళ్ళ స్నేహితుల్లా నవ్వుకోవడం మొదలుపెట్టారు. ఆమె నేర్పమని అడిగితే బాపమ్మ సారె లెక్కలోకి రాకుండా కొంచెం పిండి పక్కకు తీసి, సకినం చుట్టడం చూపించింది. మొదటి రెండూ విరిగాయి. పదోదాన్ని అమ్మ చుట్టిన దాని పక్కన పెడితే ఏది ఎవరిదో నేను పోల్చుకోలేకపోయాను.

అంతలో పోలీసు వచ్చాడు. పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడ దిగారో చూసుకోవడం వాళ్ళ పద్ధతి. కాగితాలు చూసి, టీ తాగి, మర్యాదగానే వెళ్ళిపోయాడు. కానీ అప్పటిదాకా నా మాటలను గొప్పలని కొట్టిపారేసిన వీధంతటికీ ఆమె ఏ దేశం మనిషో ఆ పావుగంటలో తెలిసిపోయింది.

పది దాటినా ఒక్కరూ రాలేదు. అమ్మ ఇంటింటికీ వెళ్ళింది. ఒకరికి తలనొప్పి, ఒకరింటికి చుట్టాలు. పెద్దమ్మ మాత్రం సాకులు చెప్పలేదు. ఆమె చిన్న కొడుకు సైన్యంలో, సరిహద్దు మీద ఉన్నాడు. "మావోడు ఆడ తుపాకి పట్టుకొని నిలబడితే నేను ఈడ గామె పక్కన కూసొని సకినాలు సుట్టాల్నా? నన్ను పిలువకుర్రి" అంది. అమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. పెద్దమ్మ మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను.

అతిథికి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. మీ ఇంటి శుభకార్యం నా వల్ల ఆగకూడదు, వేరే ఇల్లు చూడమని నాన్నతో అని సంచీ సర్దుకోసాగింది. నాకు ఏడుపు ఆగలేదు. గంపెడు పిండి అలాగే ఉంది. బాపమ్మ లేచి ఆ సంచీ తీసి అటక మీద పెట్టింది. "ఏడవకు బిడ్డా, జరసేపు నోరు మూసుకొని సూడు" అని నాకు చెప్పింది. తెల్ల పంచె, పిండి గిన్నె వాకిట్లోకి తెచ్చి, సరిగ్గా పెద్దమ్మ గుమ్మానికి ఎదురుగా పరిచింది. అతిథిని కూర్చోబెట్టి చెవిలో ఏదో చెప్పింది. ఆమె దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత ఆమె చుట్టిన సకినాలు చూసి నాకు మతి పోయింది. ఒకటి కోలగా ఉంది, ఒకటి తోక తెగింది, ఇంకోటి సగంలో ఆగిపోయింది. "బాపమ్మా, పొద్దున మంచిగనే..." అనబోయాను. నా తొడ మీద గట్టి తొడపాశం పడింది. బాపమ్మ మాత్రం వీధికంతా వినబడేలా ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి కేకలేస్తోంది. "గదేంది బిడ్డా, సకినమా జిలేబా?"

ఎదురింటి తలుపు కొంచెం తెరుచుకుంది. పెద్దమ్మ చీపురు పట్టుకుని, పొద్దున ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చింది. లోపలికి వెళ్ళింది. తడి లేని బట్టలు తెచ్చి ఆరేసింది. మూడోసారికి మా గేటు దగ్గరే నిలబడింది.

"అవ్వా, నువ్వన్న జెప్పరాదు? గట్ల పెడితే నూనెల ఏస్తనే ఇరుగుతయి. గివే పంపుతవా సారెకు? మన వాడకట్టు ఇజ్జత్ పోతది!"

"నాకు కండ్లు కనబడ్తలేవు బిడ్డా. జెప్పెటోళ్ళు రాకపాయె, నేనేం జెయ్యాలె?" అంది బాపమ్మ. నిన్నటి దాకా సూదిలో దారం ఎక్కించిన కళ్ళవి.

పెద్దమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చి, అతిథి పక్కన కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకుంది. "గట్ల గాదమ్మా. బొటనవేలు ఇటు పెట్టు" అంది. ఇంకేం కావాలి! తలనొప్పులు తగ్గిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, మధ్యాహ్నానికి వాకిలి నిండిపోయింది. నేను పిండి అందిస్తూ, నీళ్ళు తెస్తూ, ఎగురుతూనే ఉన్నాను. పెద్దమ్మ పిల్లలెందరని అడిగింది. ఒక్కడే కొడుకు, దుబాయ్‌లో ఉంటాడు, ఫోన్ చెయ్యడు అని ఆమె చెప్పింది. బాపమ్మ తెలుగులో చెప్పగానే పెద్దమ్మ, "మావోడు గూడ గంతే" అని చేతిలో పిండి వదిలేసి మరీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళిన పెద్దమ్మ, పొద్దున అతిథి చుట్టిన సకినాల పళ్ళెం చూసింది. విరిగిన రెండింటి పక్కన చక్కగా కుదిరినవి వరసగా ఉన్నాయి. వాటిని చూసింది, బాపమ్మను చూసింది. "నీ తెలివికి దండం అవ్వా" అని మళ్ళీ వెళ్ళి అతిథి పక్కనే కూర్చుంది.

అతిథి మంచిదని పెద్దమ్మకు ముందే ఎందుకు చెప్పలేదని తర్వాత బాపమ్మను అడిగాను. "మంచిదంటే ఎవరు ఇంటరే? నేర్పుమంటే మాత్రం ఎవ్వరాగరు" అంది. ఆ ఒక్క రోజుతో సరిహద్దు మీద ఏదీ మారలేదు. పెద్దమ్మ టీవీ వార్తలను అదే భయంతో చూసేది. కానీ అతిథి వెళ్ళే రోజు పెద్దమ్మే ఆటో దాకా వచ్చి సకినాల పొట్లం చేతికిచ్చి, "నీ కొడుక్కు పంపు. ముందుగాల ఫోన్ జెయ్యమను, అప్పుడు పంపు" అంది. బాపమ్మ ఆ మాటను ఉర్దూలో రెండుసార్లు చెప్పింది.

ఇప్పుడు నేను పీర్జాదిగూడలో ఉంటున్నాను. ఆ మధ్య మా పై అంతస్తులోకి సూడాన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు దిగారు. నెల రోజులైనా ఎవరూ వాళ్ళను పలకరించలేదు. ఒక పొద్దున నేను మెట్లెక్కి వెళ్ళి తలుపు తట్టాను. నాకు కాఫీ కాచడం అస్సలు కుదరడం లేదు, మీరెలా కాస్తారో కాస్త చూపిస్తారా అని అడిగాను. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నిజానికి కాఫీ కాచడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరు.