మెంతికూర కుండలో ఈగలు

ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగం దొరికినవాడు చేతిగడియారమో, కిర్రు చెప్పులో కొనుక్కునేవాడు. నేను మాత్రం కుళ్లిన పుట్టగొడుగులు పోగేశాను. తాండూరులో పంతులుగా చేరిన మొదటి వానాకాలం, సెలవు దొరికితే చాలు, రైలెక్కి వికారాబాదులో దిగి అనంతగిరి అడవిలో పడేవాణ్ణి. నల్లబడి కంపు కొడుతున్న పుట్టగొడుగును విప్పితే లోపల తెల్లటి సన్న పురుగులు గిజగిజలాడేవి. ఈగల పిల్లలు! (ముక్కు మూసుకుని చూస్తే అందంగానే ఉంటాయి, నమ్మండి.) చలికాలానికి పుట్టగొడుగులు మాయమయ్యాయి, పురుగులు మట్టిలో దూరి గింజల్లా ముడుచుకున్నాయి. మళ్లీ వానలు పడేదాకా బతుకుతాయా అన్నదే నా బెంగ. ఆ మట్టిని కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి గదిలో పెట్టుకున్నాను.

ఇల్లుగలామెను అందరూ పెద్దమ్మ అనేవారు. "గా ఉత్త మన్ను గంత పైలంగ దాచుకున్నవేంది సారూ?" అని ఎండలు ముదిరాక అడిగింది. "ఉత్త మన్ను గాదు పెద్దమ్మా, అండ్ల ఈగలున్నయ్," అన్నాను. నావైపు జాలిగా చూసి, ఆ పూట మజ్జిగ ఎక్కువ పోసింది.

అంతలో మర్పల్లి నుంచి సంబంధం వచ్చింది. ఓ చుట్టాల లగ్గంలో ఆ పిల్లను చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. కందులు పండించే ఆమె తండ్రి, పిల్లగాణ్ణి కళ్లారా చూస్తేగానీ మాట ఇవ్వనన్నారు. ఆయన వచ్చే రోజుకు నేను వేసవి సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి, కుండనిండా పచ్చటి మెంతికూర! "ఉత్త కుండ జూస్తె ఏమనుకుంటరు? మెంతులు జల్లి దినాం నీళ్లు వోసిన. జర ఇల్లు కళగుండాలె గద!" అంది పెద్దమ్మ. నా పురుగులు నీళ్లకు కుళ్లి చచ్చుంటాయని మట్టిని వేలితో కెలకబోయాను. కానీ ఆయన అప్పటికే గడప ముందు చెప్పులు విడుస్తున్నారు.

ఆయన మంచం మీద కూర్చుని శర్బత్ గ్లాసు ఎత్తారు. అప్పుడు, పెద్దమ్మ పోసిన నీళ్లనే వాననుకుందేమో, మెంతాకుల మధ్య నుంచి ఓ చిన్న ఈగ నడిచొచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత గుంపే. ఒకటి తిన్నగా వెళ్లి ఆయన మీసం మీద వాలింది. "అయ్యో, ఇజ్జత్ వాయె!" అని పెద్దమ్మ కొంగు విసరబోయింది. నేను అడ్డంపడ్డాను. "కొట్టకు పెద్దమ్మా! బతికినయ్! ఎండకాలమంత మన్నుల బతికినయ్!" అని అరుస్తూ గది మధ్యలో గెంతాను. గెంతి, మామగారి (అప్పటికింకా కాలేదు) ముఖం చూసి కొయ్యబారిపోయాను.

ఆయన కండువా దులుపుకుని లేచారు. అంతా అయిపోయిందనుకున్నాను. గడప దగ్గర పెద్దమ్మతో ఆయన అన్న మాట నాకూ వినబడింది.

"ఈగలు పుడితెనే గింత సంబురపడుతుండు. నా బిడ్డకు పిల్లలు పుడితె ఇంకెట్ల జూసుకుంటడో! లగ్గం పెట్టుకుందాం."

పెట్టుకున్నాం. "మా నాయనకు జర తొందరెక్కువ," అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఈ వయసులో ఏం చూసి గెంతాలన్నా మోకాళ్లు ఒప్పుకోవు. ఈగల మధ్య చిందులేసిన ఆ బక్కపలచటి పంతులు గుర్తొస్తే మాత్రం, వాడి భుజం తట్టి "పోనీలేరా, బాగానే గెంతావు," అనాలనిపిస్తుంది.