చూరుకు వేలాడిన ఆనప బుర్ర

మా ఊళ్ళో ఆనప బుర్ర, అదే ఎండబెట్టిన సొరకాయ డొల్ల, ఏ ఇంటి చూరుకు వేలాడితే ఆ రోజు అవ్వను చూసుకునే వంతు ఆ ఇంటిది. అవ్వకు చూపు లేదు, నడుము వంగిపోయింది, నా అన్నవాళ్ళు లేరు. అందుకే పదకొండు గడపలం వంతులు వేసుకున్నాం. బుర్ర నిండా చోడి అంబలి, అంటే రాగి జావ, పట్టుకెళ్ళి తాగించాలి, బిందెడు నీళ్ళు పెట్టాలి, పొయ్యి రాజేసి రావాలి. ఆ తర్వాత ఖాళీ బుర్ర కడిగి పక్కింటి చూరుకు తగిలిస్తే మన పని అయిపోయినట్టే. ఎవరినీ పిలవక్కర్లేదు, చెప్పక్కర్లేదు. ఆ ఏర్పాటు చూసి నేను తెగ మురిసిపోయేదాన్ని.

అవ్వకు నోరెక్కువ. "నీ అంబలి ఇంత పలసనేటే గుంటా? కళ్ళుంటే నా మొగం అందులో సూసుకుందును," అనేది. నలభై దాటినా ఆవిడకు నేను గుంటనే.

ఆ ఏడు కాఫీ పళ్ళు కోసే రోజుల్లో, నా వంతు అయిన మర్నాడు పొద్దున్నే అరకు సంతకు బయలుదేరాను. పక్కింటి తలుపుకు తాళం ఉంది. తోటకు వెళ్ళుంటారు, వచ్చేస్తారు అనుకున్నాను. వాకిట పొయ్యిలో బూడిద చల్లారి ఉండడం, కోళ్ళ గంప ఖాళీగా ఉండడం కూడా చూశాను. చూసి కూడా, జీపు హారన్ వినపడగానే బుర్ర తగిలించి పరుగెత్తాను. అరకులో చెల్లెలి ఇంట్లో రెండు రోజులు ఉండిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బుర్ర అక్కడే ఉంది. గాలికి మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. పక్కింటివాళ్ళు పాడేరు వైపు చావుకు వెళ్ళారట. తోటకు పోయే ప్రతి ఒక్కరూ బుర్రను చూశారు, వంతు ఆ ఇంటిది కదా అని సాగిపోయారు. అవ్వ గుడిసె వైపు పరుగెత్తాను.

అవ్వ తన గుడిసె వెనక, గెడ్డ నీళ్ళకు దిగే దారిలో పడి ఉంది. పక్కన ఖాళీ బిందె. దాహానికి ఆగలేక నీళ్ళకోసం పాక్కుంటూ వచ్చింది. తుంటి విరిగింది.

పక్కింటివాళ్ళు రాగానే, వంతు వస్తుందని తెలిసీ ఎవరికీ చెప్పకుండా ఎలా పోయావని ఊరు ఊరంతా ఆ ఇల్లాలిని నిలదీసింది. నేను నోరు విప్పలేదు. మంచంలోంచి అవ్వే అంది, "ఆళ్ళనేటీ అనకండి. కడుపులో బాగోనేదు, రెండ్రోజులు రావద్దని నానే సెప్పినాను."

ఇళ్ళ వరస అవ్వకు కంఠతా వచ్చు. ఆ ఇంటికి ముందు వంతు ఎవరిదో ఆవిడకు తెలుసు.

తర్వాత నెలన్నర బతికింది. నేను వెళ్ళినప్పుడల్లా అంబలి తాగి ఒకే మాట అడిగేది, "పక్కింట్లో మనుసులున్నారేటే గుంటా?" తిట్టినట్టు కాదు, వానొస్తుందా అని అడిగినట్టు. "ఉన్నారవ్వా," అనేదాన్ని. అసలు మాట చెప్పే ధైర్యం చేసేలోగా ఆవిడ పోయింది.

ఇప్పుడు అదే బుర్ర కాళ్ళు చచ్చుబడిన ఒక తాతకోసం తిరుగుతోంది. నేను మాత్రం చూరుకు తగిలించను. తలుపు కొట్టి పక్కింటావిడ చేతికిస్తాను. "ఏటొదినా, తగిలించి ఎల్లిపోకూడదా?" అంటుంది. ఆ మాట వింటే అవ్వ నా వెనకే నిలబడి అడుగుతున్నట్టుంటుంది, వెనక్కి తిరగడానికి భయం.

ఏటా అవ్వ పోయిన రోజున పక్కింటావిడ వాకిట్లో ముద్ద పెట్టి, తప్పు కాయమని దణ్ణం పెట్టి ఏడుస్తుంది. పక్కన నేనూ నిలబడతాను. తప్పు ఆవిడది కాదని ఇంకా చెప్పలేదు.