ఎడమ చేతికి పుత్తూరు కట్టు

రాకెట్‌బాల్ అంటే ఏమిటో తిరుపతిలో ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఆడతానని చెబితే బ్యాడ్మింటనా అంటారు, కాదంటే టెన్నిసా అంటారు, అదీ కాదంటే మాట మార్చేస్తారు. నాలుగు గోడల గదిలో ఇద్దరు నిలబడి, బోలు రబ్బరు బంతిని ఎదురు గోడకు కొట్టే ఆట అది. పక్క గోడలు, వెనక గోడ, పైకప్పు, అన్నీ ఆటలో భాగమే. మా ఊళ్లో అలాంటి గది ఒక కాలేజీలో ఒక్కటే ఉండేది, అదీ స్క్వాష్ కోసం కట్టింది. కొలతలు సరిపోవు. వానలు పడితే కప్పు కారి ఒక మూల చెమ్మ పట్టేది, ఆ మూల తగిలిన బంతి ఎగరకుండా అక్కడే కింద పడేది. ఆ గదిలో పదేళ్లు ఆడి, అంతర్జాతీయ పురుషుల సింగిల్స్ పోటీలకు ఎంపికయ్యాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఎంపికయ్యాను కానీ వెళ్లలేదు.

అప్పట్లో నేనొక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసేవాణ్ని. కొండకు వచ్చినవాళ్లకు గదుల తాళాలిచ్చి, వేడినీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పడం నా ఉద్యోగం. డ్యూటీ ఎక్కకముందు పొద్దున్నే పోయి ఆడేవాణ్ని. నాతో ఆడే ఆయన ఆ కాలేజీలోనే లెక్చరర్. నాకన్నా నాలుగేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ని. గది తాళం చెవి ఆయన దగ్గరే ఉండేది కాబట్టి ఆయన వస్తేనే ఆట. ఆయన కుడి భుజంలో మూడేళ్లుగా నొప్పి ఉండేది. ఆట అయ్యాక రోజూ నేనే నూనె రాసి మర్దన చేసేవాణ్ని. ఇష్టంగానే చేసేవాణ్ని, అబద్ధమెందుకు.

ఆ ఏడాది దేశం నుంచి ఇద్దరిని పంపుతామని ఢిల్లీలోని రాకెట్‌బాల్ సంఘం వాళ్లు అన్నారు. ఎంపిక పోటీల్లో నేను రెండో వాణ్ని, అన్న మూడో వాడు. నేను వెళ్లకపోతేనే ఆయన వెళతాడన్నమాట. ఆ పోటీల నుంచి తిరుగు రైల్లో అన్న నా వీపు తట్టి, ఎంపికయ్యాడని అందరికీ నన్ను చూపించి చెప్పాడు. ఆ సంతోషం నిజమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. మనిషి ఒకరోజు నిజంగా సంతోషించి ఇంకోరోజు ఇంకోలా ఉండగలడని అప్పటికి నాకు తెలియదు, అంతే.

వచ్చిన రెండు వారాలకు, వెనక గోడ నుంచి వచ్చిన బంతి కోసం వెనక్కి ఉరికి పడ్డాను. ఒంటి బరువంతా ఎడమ చేతి మీద పడింది, మణికట్టు విరిగింది. నేను ఆడేది కుడి చేత్తో. ఆ సంగతి మరిచిపోవద్దు, అందరూ మరిచిపోయింది దాన్నే.

మా నాయనకు తిరుచానూరులో పూల అంగడి. కబురు తెలియగానే అంగడి పక్కామెకు అప్పజెప్పి వచ్చేశాడు. ఎక్కడికి పోదామన్న మాటే లేదు, నేరుగా పుత్తూరు బస్సు ఎక్కించాడు. మా వైపు ఎముక విరిగితే పుత్తూరే. మా తాత కాలు, మా మేనత్త మోచేయి, నాయన పక్కటెముక, అన్నీ అక్కడే అతుక్కున్నాయి. చేయి పొట్టకు ఆనించుకుని బస్సెక్కితే ఎవరూ ఏమైందని కూడా అడగరు, లేచి సీటిస్తారు.

కట్టు కట్టే పెద్దాయన నా చేతిని ఎంతోసేపు బొటనవేలితో తడిమాడు. ఉన్నట్టుండి లాగి సరిచేశాడు, నేను గట్టిగా అరిచాను. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. తడవనీయొద్దన్నాడు, మళ్లీ మూడుసార్లు రమ్మన్నాడు. ఫలానా ఆటకు విదేశానికి పోవాలని నాయన చెబితే, ఏ చేత్తో ఆడతావని అడిగాడు. కుడి అన్నాను. "అయితే దానికేం గాలేదు గదప్పా, పో," అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నా కుడి చేతిని లెక్కలోకి తీసుకున్న మనిషి ఆయనొక్కడే.

ఆరు వారాలకు కట్టు విప్పేశారు. ఇంకో పది రోజులకు ఎడమ చేత్తో యాత్రికుల సూట్‌కేసులు మేడ మీదికి మోశాను. ఆటకు దిగి అన్నను వరసగా మూడు రోజులు ఓడించాను.

అప్పుడొచ్చింది సంఘం నుంచి ఆరోగ్యం ఫారం, రిజర్వు ఆటగాడిగా అన్నకు కూడా. కాలేజీలో ఆయన గదిలోనే కూర్చుని ఇద్దరం నింపాం. ఆరు నెలల్లో ఎముకలు ఏమైనా విరిగాయా అని ఒక గడి, చికిత్స ఎక్కడ అని ఇంకో గడి. మొదటి దాంట్లో ఎడమ మణికట్టు అని రాశాను. రెండో దాంట్లో పుత్తూరు కట్టు అని రాశాను. దాచాలని తోచలేదు. సిగ్గుపడాలని కూడా తోచలేదు. ఇంకా చెప్పాలంటే కాస్త ధైర్యంగానే రాశాను, ఆ మాట చూశాక ఇంకెవరూ ఏమీ అడగరని. మా జిల్లాలో ఎవరైనా అలాగే రాస్తారు. అన్న పక్కనే కూర్చుని చదివాడు. ఆయన చదువుకున్నవాడు, ఢిల్లీ వెళ్లి వచ్చినవాడు, ఆ మాట అక్కడ ఎలా వినిపిస్తుందో తెలిసినవాడు. ఒక్క మాట అనలేదు. తన ఫారంలో మాత్రం నొప్పులేమీ లేవని రాసుకున్నాడు. డాక్టరుగా ఉన్న తోడల్లుడు భుజం చూడకుండానే సంతకం పెట్టాడని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

వారానికి సంఘం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పుత్తూరు ఏ ఆసుపత్రి అని అడిగారు. ఆసుపత్రి కాదన్నాను. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు. అలాంటిది లేదన్నాను. మొదటి ఎక్స్‌రే అడిగారు. తీయించలేదన్నాను. అవతల ఇద్దరు హిందీలో ఏదో మాట్లాడుకుని నవ్వారు. మూడు రోజుల్లో ఎముకల డాక్టరు సర్టిఫికెట్ పంపమని ఫోన్ పెట్టేశారు.

ఒక డాక్టరు దగ్గరికి పోయాను. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు ఎత్తి చూశాడు. ఎముక ఒక వెంట్రుకవాసి వంకరగా అతుక్కుందన్నాడు. నొప్పి లేదు సార్, తిరుగుతుంది సార్, ఆడేది కుడి చేత్తో సార్ అని చెప్పుకున్నాను. చేయి తిప్పి చూపించబోతే ఫిల్ము వైపే చూస్తూ ఆగమన్నాడు. మొదట ఎలా విరిగిందో తెలియకుండా బాధ్యత తీసుకోలేనని, నాటు కట్టు కట్టించుకున్నవాళ్లంతా చివరికి తన మీదే పడతారని విసుక్కున్నాడు. పోటీకి తగడని రాసి ఇచ్చాడు. నా చేతిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. నాలుగు రోజులకు నా పేరు తీసేసి అన్న పేరు పెట్టారు.

ఆ సాయంత్రం నాయన అంగడికి పోయాను. ఆయన కనకాంబరాలు కడుతున్నాడు. జరిగింది చెబితే అర్థం కాలేదు.

"చెయ్యి తిరగతా ఉండాది గదప్పా. బరువు ఎత్తతా ఉండావు. ఇంక వాళ్లకేం గావల్ల?"

నాకు ఒళ్లు మండిపోయింది. నీ పుత్తూరే నా కొంప ముంచింది నాయనా అన్నాను. పూలు కొనేవాళ్లు నలుగురు ఉన్నారు, వాళ్ల ముందే అన్నాను. ఆయన తల వంచుకుని దండ పూర్తిచేసి, మూర వేసి తెంపి ఇచ్చాడు. ఆ తర్వాత నా ఆట గురించి ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. అంగడి దాకా పోయి, ఇంకేదో మాట్లాడి వచ్చేవాణ్ని.

అన్న ఆటను లాడ్జి బల్ల దగ్గర ఫోన్లో చూశాను. మధ్యాహ్నం, జనం లేరు. మొదటి రౌండే. మొదటి గేమ్ పోయింది. రెండో గేమ్ మధ్యలో పైకప్పుకు కొట్టబోయి భుజం పట్టుకుని కూలబడ్డాడు. ఆట వదిలేశాడు. నాకు జాలి కలగలేదు. నోటి దగ్గరి ముద్ద లాక్కుని దాన్ని నేలపాలు చేశాడనిపించింది. కౌంటర్ దగ్గరికి ఎవరో వచ్చి గది అడిగితే, ఖాళీగా పది గదులుండగా లేవని చెప్పి పంపించేశాను.

నెల తర్వాత ఆయన లాడ్జికి వచ్చాడు. స్కానింగులు, సూదులు, మాత్రలు అన్నీ అయ్యాయట. చేయి భుజం దాటి లేవడం లేదు. నా కళ్లలోకి చూడకుండా అడిగాడు.

"పుత్తూరికి పోవల్లప్పా. నువ్వు తోడొస్తే బాగుంటాది."

సర్టిఫికెట్ ఇయ్యరన్నా అక్కడ అని నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదో, ఎందుకు సెలవు పెట్టి ఆయనతో బస్సెక్కానో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

పెద్దాయన అన్న చొక్కా విప్పించి కూర్చోబెట్టి, నా వైపు తిరిగాడు. ముఖం గుర్తులేదు కానీ చేయి అందుకోగానే పోల్చుకున్నాడు. మణికట్టు అటూ ఇటూ తిప్పి, నొక్కి, తాను చేసిన పనికి తానే ముచ్చటపడ్డాడు.

"ఆటకు పోవల్లంటివే. పోయినావా?"

పోనీయలేదు, నీ కట్టు చూసి నవ్వినారు పెద్దాయనా అనాలి. నిజం అదే. కానీ ఆ నిజం చెబితే తల వంచుకున్న మా నాయనను అప్పటికే చూశాను.

"పోయినా," అన్నాను. "మొదటి ఆటే ఓడిపోయినా."

"ఈ చెయ్యి నొచ్చిందా?"

"లేదు పెద్దాయనా. నా ఆటే సాల్లేదు."

ఆయన తృప్తిగా తలూపి, అన్న భుజం మీద బొటనవేలు ఆనించాడు. అన్న నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ పోటీకి నేను వెళ్లింది ఆ ఒక్క అబద్ధంలోనే. అందులో కూడా ఓడిపోయి వచ్చాను.