కునుకు మాస్టారి డ్యూటీ

కునుకు మాస్టారికి కుర్చీ కనిపిస్తే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. ఆసుపత్రిలో ఆయన పని రోగులకూ వాళ్ల మనుషులకూ ధైర్యం చెప్పడం, అడిగితే ప్రార్థన చేయడం. "ఏ దేవుణ్ణి తలుచుకుందాం?" అని అడిగేవారు. జవాబు వచ్చేలోగా గడ్డం ఛాతీకి ఆనేది. ఆ తర్వాత గురక. రైలింజను చప్పుడుతో మొదలై, చివర్లో సన్నని ఈలతో ముగిసేది.

"ఓదార్చమని పంపితే తనే జోకొట్టించుకుంటున్నాడు!" అని సూపరింటెండెంటు మండిపడ్డారు. "సిస్టర్, ఇంకొక్కసారి నిద్రపోతే నాకు చెప్పండి. ఇంటికి పంపేస్తాను."

వార్డు నర్సుకు ప్రాణసంకటం వచ్చిపడింది. మాస్టారంటే ఆమెకు ఇష్టమే. కానీ ఈ కుంభకర్ణుణ్ణి ఎన్నాళ్లని వెనకేసుకొస్తుంది?

ఆ మధ్యాహ్నం వార్డంతా మగతలో ఉంది. ఫ్యాన్లు బద్ధకంగా తిరుగుతుంటే మంచాల మధ్య తెరలు మెల్లగా ఉబ్బి తగ్గుతున్నాయి. కిటికీ వెలుగు నేలమీద నీళ్లలా కదులుతోంది. మర్నాడు గుండె ఆపరేషన్ ఉన్న దర్జీ మంచం పక్కన, అతని భార్యకు ఎదురుగా, మాస్టారు కుర్చీలో కూర్చున్నారు. పొద్దుటినుంచీ ఆ మొగుడూ పెళ్లాల మధ్య ఒకటే పాట.

"నాకేం భయం లేదు."

"నాకూ లేదు."

ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు. మాస్టారు దేవుడి సంగతి అడిగారు, గడ్డం వాల్చారు, రైలు బయల్దేరింది. దర్జీ ఫక్కున నవ్వాడు.

"పడుకున్నాడే!"

"పోనీలెండి, పాపం," అంది భార్య. తర్వాత గొంతు తగ్గించి, "ఏవండీ, నాకు భయంగా ఉంది," అంది.

"నాకు కూడానే. రేపు కళ్లు తెరవకపోతే?"

"అలా అనకండి..." ఆమెకు ఏడుపు ఆగలేదు.

మందుల ట్రేతో వచ్చిన నర్సు తెర దగ్గరే నిలబడిపోయింది. ఏడుపు పెరిగేకొద్దీ గురకా పెరుగుతోంది, పక్క మంచాలకు ఏడుపు వినపడకుండా. అంతలో, మూసిన కళ్లు మూసినట్టే ఉండగా, మాస్టారి చెయ్యి జేబులోంచి ఉతికిన రుమాలు తీసి దర్జీ భార్య ఒళ్లోకి జరిపింది. ఈల మాత్రం తప్పలేదు. అది ఎక్కడిదో కూడా చూడకుండా ఆమె కళ్లు తుడుచుకుంది. దర్జీ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

'ఎన్నాళ్లనుంచి మోసం చేస్తున్నారు, మహానుభావా!' అనుకుంది నర్సు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వెనక బూట్ల చప్పుడు. సూపరింటెండెంటు.

"మళ్లీ నిద్రేనా?"

"లేదు సార్, డ్యూటీలో ఉన్నారు," అంది నర్సు, తెర పూర్తిగా మూస్తూ.

"మరి ఆ గురక?"

"అదే సార్ డ్యూటీ."

ఆయన తెర వైపు చెవి ఒగ్గారు. తెర వెనక భార్యాభర్తలు గుసగుసగా, పొద్దుటినుంచీ దాచుకున్నదంతా చెప్పుకుంటున్నారు. సూపరింటెండెంటు బూట్లు చప్పుడు కాకుండా వెనక్కి నడిచారు. లోపల రైలు ఇంకాస్త వేగం అందుకుంది.