సిమెంటులో దిగబడ్డ జడ్జమ్మ

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే ఆ అమ్మాయిని అందరూ జడ్జమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్నమ్మ. మాటలు సరిగా రాని వయసులోనే, అమ్మానాన్నా వాదించుకుంటుంటే మధ్యలో పీట వేసుకుని కూర్చుని, "ఇద్దరిదీ తప్పే, అన్నం పెట్టండి" అని తీర్పు చెప్పిందట. అది మొదలు, పిలవని తగవుకు పెద్దరికం చేయడం ఆమెకు అలవాటైపోయింది. కుక్కా పిల్లీ గొడవపడుతున్నా చేతిలో పని వదిలేసి రెండు పక్షాలూ వినేది.

అలాంటి మనిషికి దేవుడు తగిన చోటే చూపించాడు. వాళ్లుండే చోట పై వీధి, కింది వీధి ఉన్నాయి. మధ్యలో రాతిమెట్లు. మెట్ల పైన సైకిళ్లు బాగుచేసే ఆయన షాపు. మెట్ల కింద రిటైరైన టీచరు గారి ఇల్లు. ఒకరోజు మెకానిక్ చేతిలోంచి చక్రం ఒకటి జారి, మెట్లమీద గెంతుకుంటూ దిగి, టీచరు గారి గుమ్మం దాటి, ఆవిడ చల్లారబెట్టుకున్న పాలగిన్నెలో పడుకుంది. మెకానిక్ ఆయాసపడుతూ వచ్చి, "చక్రానికేం కాలేదు కదా?" అని అడిగాడు.

అంతే. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. పై వీధివాళ్లు ఆయన పక్షం, కింది వీధివాళ్లు ఆవిడ పక్షం. మెట్లు విరిగితే మీరు బాగుచేయండంటే మీరు బాగుచేయండని రెండు వీధులూ భీష్మించుకోవడంతో, చివరికి అందరూ బారెడు దూరానికి కోసెడు చుట్టు తిరిగి వెళ్లేవారు.

జడ్జమ్మ ఊరుకుంటుందా? ముగ్గురిని పోగేసింది. పిన్ని కొడుకు, జిరాక్సు షాపులో పనిచేసే స్నేహితురాలు, మంగలి షాపులో పని నేర్చుకుంటున్న కుర్రాడు. శాంతి సేవాదళం అని పేరు పెట్టి, మొదటి పనిగా రాజీ సభ ఏర్పాటు చేసింది. కుర్చీలు ఎదురెదురుగా వేసింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే తమ కుర్చీలు వెనక్కి తిప్పుకుని కూర్చున్నారు. జడ్జమ్మ రెండు వరుసల వీపులకూ ఐకమత్యం గురించి గొంతు పోయేదాకా చెప్పింది. సభ ముగిశాక చూస్తే ఒక కుర్చీ విరిగి ఉంది, అది ఎవరు విరగ్గొట్టారని కొత్త గొడవ ఒకటి మొదలైంది.

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుంటే నాన్నమ్మ అంది:

"మాటలతో మెట్లు లేస్తాయటే? ముందు అవి బాగుచెయ్యండి. ఎవరు కలిసినా కలవకపోయినా నా మోకాళ్లు మిమ్మల్ని దీవిస్తాయి."

సెలవురోజున పని మొదలైంది. సిమెంటు కలపడం తనకు వచ్చని పిన్ని కొడుకు అన్నాడు. వచ్చంటే, ఎవరో కలుపుతుంటే ఒకసారి చూశాడన్నమాట. నీళ్లు ఎక్కువై జావలా అయింది. సిమెంటు పోశాడు, ముద్దకట్టింది. మళ్లీ నీళ్లు పోశాడు. మధ్యాహ్నానికి ఒక మెట్టు మంచమంత ఎత్తున లేచింది, దాని పక్కది అట్టముక్కలా పడుకుంది. ఎలా ఉందో చూద్దామని జడ్జమ్మ నాలుగడుగులు వెనక్కి వేసి, అప్పుడే పోసిన మెట్టులో చీలమండల దాకా దిగబడింది.

స్నేహితులు లాగబోతే చెయ్యి అడ్డుపెట్టింది.

"ఆగండి, మెట్టు పాడవుతుంది."

"ఇంకా పాడవడానికి ఏముందే అందులో?" అంది స్నేహితురాలు.

ఈ గోల విని పైనుంచి మెకానిక్, కిందనుంచి టీచరు గారు వచ్చారు. జడ్జమ్మకు చెరోపక్క నిలబడ్డారు. ఒకరి చీర అంచు ఇంకొకరి చెప్పుకు తగిలేంత దగ్గరగా ఉన్నారు, కానీ చూపులు మాత్రం కలవలేదు.

"అమ్మాయ్, ఆయనతో చెప్పు, సిమెంటు కాళ్లను తినేస్తుంది, త్వరగా తియ్యమను."

"బాబాయ్, త్వరగా తియ్యమంటున్నారు."

"ఆవిడకు చెప్పమ్మా, ఊరికే లాగితే కాలు మెలిపడుతుంది, ముందు నీళ్లు పొయ్యాలి."

"టీచరు గారూ, నీళ్లు పొయ్యాలట."

"నీళ్లు ఎవరింటి నుంచి తేవాలో అడుగు."

అడగబోతుండగా జడ్జమ్మకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. "బాబా... ఇక్... నీళ్లు ఎవ... ఇక్..." అని అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ ఆమె నోటివంక చూస్తూ నిలబడ్డారు. ఎక్కిలి తర్వాత ఎక్కిలి వచ్చిందే తప్ప మాట రాలేదు.

చివరికి టీచరు గారికి ఓపిక చచ్చింది.

"మా ఇంట్లోవే తెస్తానయ్యా, నువ్వు ఈ పిల్లను పట్టుకో, పడిపోతుంది."

"బకెట్టు బరువు, మీరు మొయ్యలేరు. నేను తెస్తా, మీరు పట్టుకోండి" అన్నాడు మెకానిక్.

రెండు వీధుల కిటికీలూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. నీళ్లు పోసి, చెరో రెక్కా పట్టుకుని లాగితే జడ్జమ్మ బయటికొచ్చింది, చెప్పులు రాలేదు. లాగిన ఊపుకు ముగ్గురూ ఆ జావలోనే కూలబడ్డారు. మొదట నవ్వింది టీచరు గారేనని పై వీధివాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు.

ఆ సాయంత్రమే మెకానిక్ దారం కట్టి మట్టం చూశాడు. టీచరు గారు బడినాటి గొంతు తెచ్చుకుని రెండు వీధులవాళ్లనూ బయటికి పిలిచారు. వాళ్లలో ఒకాయనకు నిజంగానే తాపీపని వచ్చని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కనుక ఆయనా చెప్పలేదు. జడ్జమ్మ గుంపుకు ఇసుక మొయ్యడం, మెట్లు తడపడం తప్ప ఇంకే పనీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. వాళ్లు నోరు మూసుకుని మోశారు. మోస్తూ మోస్తూ పై వీధి పిల్లలూ కింది వీధి పిల్లలూ దళంలో చేరిపోయారు.

మెట్లు లేచాయి. తగవులు పోయాయా అంటే, అదేం లేదు. పక్కన సైకిల్ దింపడానికి జారుబాట కావాలని మెకానిక్, కుదరదని టీచరు గారు రోజూ మెట్లమీద కూర్చుని ఎదురెదురుగా పోట్లాడుకునేవారు. టీ మాత్రం ఒకే ఫ్లాస్కులోది.

కొన్నాళ్లకు టీచరు గారు కళ్లజోడు మార్చుకోవడానికి దుకాణానికి వచ్చారు, వెంట మెకానిక్. గుండ్రటి ఫ్రేము బాగుందని ఆవిడ, గుడ్లగూబలా ఉందని ఆయన. వెనక కొనేవాళ్లు నిలబడిపోయారు. యజమాని తల పట్టుకుని, "అమ్మాయ్, నువ్వు చెబితే వింటారుగా, తేల్చెయ్" అన్నాడు.

"నాకు పనుందండీ" అని జడ్జమ్మ అద్దం అరగదీసుకుంటూ కూర్చుంది.

టీచరు గారు గుండ్రటిదే కొన్నారు. మర్నాడు పొద్దున్నే వచ్చి మార్చుకుని వెళ్లారు.