నేలను తాకని తెర

మొదట వినిపించేది రింగుల చప్పుడే. ఇనుప కడ్డీ మీద ఇత్తడి రింగులు ఒక కొస నుంచి మరో కొసకి జర్రున జారేవి. క్షణం ఆగి, అదే విసురుతో వెనక్కి వచ్చేవి. మేడ మీద నేను అద్దెకున్న గదిలోంచి వింటే ఎవరో వానజల్లుని పక్కకి తోసి మళ్ళీ దగ్గరికి లాక్కుంటున్నట్టుండేది. చప్పుడు మెత్తగా ఉంటే పని కుదిరిందని, గరుకుగా ఉంటే ఎవరికో మూడిందని కొన్నాళ్ళకి నాకు తెలిసిపోయింది. ఆ రోజు రింగులు పళ్ళు కొరుకుతున్నాయి.

కిందికి దిగి చూస్తే కర్టెన్ల పిన్ని. నాకే కాదు, వీధి మొత్తానికీ ఆవిడ పిన్నే. ముందుగదిలో అడ్డంగా కట్టిన కడ్డీకి కొత్త కర్టెన్ తగిలించి అటూ ఇటూ లాగి చూస్తోంది. జుట్టులో దూది నలకలు, భుజం మీద దారప్పోగులు, మెడలో గుడ్డ టేపు. కత్తెర ఎక్కడో పెట్టి వెతుక్కునే బాధ లేకుండా దాన్ని ఆ టేపు కొసకే కట్టేసుకుంది. నడిచినప్పుడల్లా అది పొట్ట మీద ఊగుతుంది.

"ఎదురింటివాళ్ళు ఆకాశం రంగు కావాలన్నారు అమ్మాయ్," అంది నన్ను చూసి. "తెచ్చి కుట్టాను. ఇప్పుడొచ్చి ఇది మేమనుకున్న ఆకాశం కాదంటున్నారు. ఎవరి ఆకాశం కోసి తెచ్చివ్వను నేను?"

ఆవిడ రోజులన్నీ ఇలాంటి ఆకాశాలతోనే గడిచేవి. ఫోటోలో చూసిన కుచ్చిళ్ళు తమ కిటికీకి రాలేదని ఒకరు అలిగేవారు. వెలుతురు రాకూడదని పట్టుబట్టినవాళ్ళే వారం తిరక్కుండా వచ్చి గది చీకటైపోయిందని మొహం చిట్లించేవారు. పిన్ని అందరి మాటా వినేది. వాళ్ళు గుమ్మం దాటాక, వాళ్ళకి చెప్పాల్సిన జవాబంతా కుట్టుమిషనుకి చెప్పేది.

ఇంట్లో పని పంచుకున్న తీరు పెళ్ళైనప్పటి నుంచీ ఒకటే. వీధంతా కొలతలాయన అని పిలిచే బాబాయి ఇళ్ళకి వెళ్ళి కిటికీలు కొలిచి వస్తాడు, కడ్డీలు బిగిస్తాడు. పిన్ని ఇంట్లో కత్తిరిస్తుంది, కుడుతుంది. ఇన్నేళ్ళుగా ఊరికి కర్టెన్లు కట్టిన మనిషి తన కర్టెన్లు వేలాడే కిటికీలని ఎన్నడూ చూడలేదు. అవి ఆవిడకి అంకెలుగానే తెలుసు. ఆ అంకెల వెనక చెట్లున్నాయో గోడలున్నాయో, ఎవరు నిలబడి ఎవరి కోసం చూస్తారో తెలియదు.

అందుకే బడి పెద్ద టీచరు నుంచి హాలుకి తెర కుట్టమని కబురొచ్చినప్పుడు ఆవిడ మొహం అలా వెలిగింది. కిటికీ కర్టెన్ని ఎవరూ చూడరనేది పిన్ని. తెరిస్తే బయటికి చూస్తారు, మూస్తే పడుకుంటారు. వేదిక మీది తెర అలా కాదు. జనం దానికి ఎదురుగా కూర్చుని, అదెప్పుడు కదులుతుందా అని కళ్ళప్పగించి చూస్తారు. బతుకులో ఒక్కసారి తన కుట్టుని జనం అలా చూడాలని ఆవిడ కోరిక.

కొలతలకి వెళ్ళేనాడు బాబాయి ఇనుప టేపు స్ప్రింగు తెగి, లోపలికి పోనని మొరాయించింది. కొత్తది కొనుక్కుని రేపు వెళ్తానన్నాడాయన. రేపటికి టీచరుగారి మనసు మారితే ఎవరు పూచీ అని, పిన్ని కత్తెర ముడి విప్పి, తన మెడలో టేపు తీసి ఆయన చేతిలో పెట్టి పంపించింది. ఆయన నిచ్చెనెక్కి, గోడ మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ, టేపు మీద టేపు వేసుకుంటూ పైనుంచి కింది దాకా కొలిచి వచ్చాడు.

తర్వాత మా ఇంట్లో దానిమ్మగింజ రంగు వెల్వెట్ ఏరులా పారింది. ముందుగది నిండి, నడవాలోకి వచ్చి, మెట్ల మీద మడతలు పడింది. దాన్ని తొక్కకుండా నేను గోడ పట్టుకుని బయటికి వెళ్ళేదాన్ని. పిన్ని దాని మధ్యలో కూర్చుని, నడుముల్లోతు నీళ్ళలో ఉన్నట్టు, తలెత్తకుండా కుట్టింది.

బడి వార్షికోత్సవం సాయంత్రం మేం ముగ్గురం ముందు వరసలో కూర్చున్నాం. పిన్ని దాచుకున్న మంచి బట్టలు కట్టుకుంది. దీపాలు ఆరాయి. వేదిక మీది వెలుగు తెర వెనక నుంచి మెల్లగా పుట్టింది. తెర నిజంగా అందంగా ఉంది. ఒక్కొక్క మడతలో ఒక్కొక్క చీకటి నిద్రపోతున్నట్టుంది. కానీ కింద, నేలకీ తెరకీ మధ్య, బెత్తెడు వెలుగు. ఆ వెలుగులో పిల్లల పాదాలు.

మొదట ఒక పాదం ఇంకో పాదాన్ని తొక్కింది. తొక్కించుకున్నది ఎగిరింది. ఎవరో గజ్జెలు సరిచేసుకుంటున్నారు, ఎవరో మడమ గోక్కుంటున్నారు. పెద్ద పెద్ద బూట్లు రెండు వచ్చి అందరినీ వరసలో నిలబెట్టి వెళ్ళాయి. హాలు కిసుక్కున నవ్వింది. ఆ తర్వాత దాచుకోకుండా నవ్వింది. జనం కళ్ళప్పగించి చూస్తూనే ఉన్నారు, కాకపోతే తెరని కాదు. పిన్ని ఆట పూర్తయ్యేదాకా మోకాళ్ళ మీది చేతులు కదపలేదు.

ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోలేదు. బెత్తెడు ఎక్కడ మింగారని బాబాయిని నిలదీసింది. నిచ్చెన మీద నిద్రపోయారా అంది. ఇన్నేళ్ళూ తను చూడని కిటికీలన్నీ ఇంతేనా, ఊరంతా మోకాళ్ళు కనపడే కర్టెన్లేనా అని రెట్టించింది. ఆయన తను సరిగ్గానే కొలిచానని ఒక్కమాటే పదేపదే చెప్పాడు. ఆ నిదానం ఆవిడని మరీ మండించింది.

"సరిగ్గా కొలవడం ఎలాగో చూడండి," అని మిషను మీద పెట్టిన తన టేపు లాగి కత్తిరింపు బల్ల మీద పరిచింది.

ఆ బల్ల అంచున వడ్రంగి అడుగుకొకటి చొప్పున చిన్న మేకులు దిగ్గొట్టి పెట్టాడు. ఆవిడ బట్టంతా ఆ మేకుల లెక్కనే కోస్తుంది. టేపు మొదలు మొదటి మేకు దగ్గర నొక్కిపట్టి లాగింది. ఐదడుగుల గీత ఐదో అడుగు మేకు దగ్గర ఆగలేదు. దాన్ని దాటి ముందుకెళ్ళిపోయింది. మళ్ళీ లాగింది. మళ్ళీ దాటింది.

కత్తెర బరువుకి ఏళ్ళ తరబడి గుడ్డ సాగిపోయింది. సాగిన టేపుకి ప్రతి ఎత్తూ తక్కువే. బాబాయి సాగిన టేపుతో సరిగ్గా కొలిచాడు. పిన్ని సాగని బల్ల మీద సరిగ్గా కోసింది. ఇద్దరి సరైన లెక్కల మధ్య బెత్తెడు వెల్వెట్ జారిపోయింది.

ఆవిడ టేపుని గుండ్రంగా చుట్టి బల్ల మీద పెట్టింది.

"నేనివ్వగానే పట్టుకుపోవడమేనా?" అంది చివరికి పిన్ని. "ఈ టేపు వద్దని గట్టిగా అనొచ్చుగా."

"గట్టిగా అంటే విన్నావా ఎప్పుడైనా?"

"అని చూడాలిగా ముందు."

మర్నాడు బట్టల కొట్టుకి వెళితే పాత తాను అయిపోయింది. కొత్త తాను అదే రంగని కొట్టతను ఒట్టేశాడు. పక్కన పెట్టి చూస్తే అది ఎండిన దానిమ్మ. ఆ ముక్క అతికితే తెరకి కట్టు కట్టినట్టుంటుందని పిన్ని విసవిసా వచ్చేసింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. బరువుకోసం తెర అడుగున వెడల్పుగా మడిచి కుట్టిన అంచు విప్పి, దించడం.

బడికి నేనూ తోడు వెళ్ళాను. పెద్ద టీచరు ఎదురొచ్చి, అంత కష్టపడొద్దని, పిల్లలకి ఆ తెరంటే ఎంతో ఇష్టమని, ఇప్పుడు ఆటకి ముందు తెర కింద కాలివేళ్ళు ఆడించడం వాళ్ళకో సరదా అయిపోయిందని నవ్వుతూ చెప్పింది. పర్వాలేదమ్మా అని పిన్ని చెయ్యి పట్టుకుంది. వాకిట్లో కాపలా మనిషి కూడా పర్వాలేదన్నాడు. తెరతాడు లాగే పంతులు పర్వాలేదన్నాడు. ప్రతి పర్వాలేదుకీ పిన్ని దవడ ఇంకాస్త బిగుసుకుంది. తిట్టినవాళ్ళ మీది కోపం ఆవిడ కుట్టుమిషను దగ్గర తీర్చుకోగలదు. వీళ్ళని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

వేదిక మీద చతికిలబడి పిన్నీ బాబాయీ ఆ కొస నుంచి ఈ కొస దాకా కుట్లు విప్పారు. ఆయన బ్లేడుతో దారం తెంపుతుంటే ఆవిడ పోగులు లాగింది. మధ్యలో ఒకచోట బ్లేడు బట్టకి తగలబోతే కళ్ళతోనే ఆపింది. మధ్యాహ్నం పిల్లలు కిటికీల్లోంచి తొంగిచూసి, తమ సరదా పోతున్నదని తెలిసి మూతులు ముడుచుకుని వెళ్ళిపోయారు. ఆవిడ సన్నటి కొత్త అంచు మడిచి, చేత్తోనే కుట్టుకుంటూ పోయింది. పాత మడత గీత మాత్రం ఎంత రుద్దినా పోలేదు. ఇసుక మీద అల వదిలిన జాడలా నిలిచిపోయింది.

చివరి ముడి వేశాక హాల్లోకి దిగి, తెర దించమంది. బాబాయి తాడు వదిలాడు. దానిమ్మ రంగు నెమ్మదిగా, బరువుగా దిగి నిలబడింది. వెనక ఆయన పాదాలు కనిపించలేదు. కానీ నేల వెంబడి ఒక వెలుగు గీత, వేలి మందాన, ఈ కొస నుంచి ఆ కొస దాకా మిగిలింది. విప్పడానికి ఇంక అంచు లేదు.

పిన్ని దాన్ని చాలాసేపు చూసింది. నేను పక్కకి వెళ్ళి నిలబడి, ఏదో అనబోయాను. నా నోట్లో ఏ మాట ఉందో ఆవిడకి ముందే తెలిసిపోయినట్టుంది. నా వైపు తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది.

"ఆ మాట నువ్వు కూడా అనకు అమ్మాయ్. వేలి మందం తక్కువైందని చెప్పు. అప్పుడు కనీసం నువ్వు నా తెరని చూశావని నాకు తెలుస్తుంది."